విడిపోయిన జంట మళ్ళీ కలిసే నవలలు: ఏది ఎంచుకోవాలి?

ఒకప్పుడు ప్రేమించుకుని విడిపోయిన ఇద్దరు ఏళ్ళ తర్వాత ఎదురుపడతారు. పాత కోపం, పాత ప్రేమ రెండూ ఒకేసారి లేస్తాయి. చివరికి కలుస్తారు. ఇంగ్లీషు నవలల్లో దీన్ని సెకండ్ ఛాన్స్ రొమాన్స్ అంటారు. పుస్తకాల షాపులోనైనా, కిండిల్‌లోనైనా ఈ తరహావి కుప్పలుగా ఉంటాయి. అట్టలు ఒకేలా ఉంటాయి, వెనక అట్ట మీది మాటలు కూడా ఒకేలా ఉంటాయి. కలుస్తారని ముందే తెలుసు కాబట్టి, ముగింపు చూసి ఎంచుకునే వీలు లేదు. నేనైతే ఒకే ప్రశ్న అడుగుతాను: వీళ్ళు ఎందుకు విడిపోయారు, ఆ కారణం ఇప్పుడు ఏమైంది? దీనికి నవల ఇచ్చే జవాబును బట్టే అది మీకు నచ్చేదీ నచ్చనిదీ తేలుతుంది.

ఈ తేడా మనకు బాగా తెలిసిన కథలోనే ఉంది. కాళిదాసు నాటకంలో దుష్యంతుడు శకుంతలను మరిచిపోవడానికి దుర్వాసుడి శాపం కారణం. తప్పు శాపానిది. ఉంగరం కంటపడగానే రాజుకు అంతా గుర్తొస్తుంది, బాధపడతాడు, కలుస్తారు. మహాభారతం ఆదిపర్వంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. ఆయనకు అన్నీ గుర్తున్నాయి, గుర్తుండి కూడా నువ్వెవరో తెలియదంటాడు. నన్నయ శకుంతల నిండు సభలో నిలబడి, నూరుగురు కొడుకుల కన్నా ఒక సత్యవాక్యం మేలని ఆ రాజుకు చెబుతుంది. బడిలో మనం చదువుకున్న పద్యమే అది. రెండు కథల్లోనూ జంట కలుస్తుంది, కానీ మొదటిది చదివాక మనసు తేలికపడుతుంది, రెండోది చదివాక ఆ మనిషిని ఆమె ఎలా క్షమించిందన్న ఆలోచన వదలదు.

ఇప్పటి నవలలు కూడా ఈ రెండు దారుల్లోనే నడుస్తాయి. కొన్నింటిలో జంటను విడదీసింది బయటివాళ్ళు. కొన్నింటిలో వాళ్ళ తప్పే, వాళ్ళ భయమే, వాళ్ళ అహమే.

బయటి కారణంతో విడిపోయిన కథ కావాలంటే అందరికీ తెలిసినది నికొలస్ స్పార్క్స్ ‘ద నోట్‌బుక్’. 1996లో వచ్చింది. నార్త్ కరోలినాలోని న్యూ బెర్న్‌లో 1932 వేసవిలో కలిసిన నోవా, అలీ పద్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ కలుస్తారు. అప్పటికి అలీకి ఒక లాయరుతో పెళ్ళి కుదిరి ఉంటుంది. నోవా రాసిన ఉత్తరాలు అలీకి అందలేదు, ఆమె తల్లి అందనివ్వలేదు. ఇక్కడ ఆ తల్లే దుర్వాసుడు. ఉత్తరాలు బయటపడితే శాపం తీరినట్టే. ఆ తర్వాత అల్జీమర్స్ వచ్చిన ముసలి భార్యకు భర్త వాళ్ళ కథ చదివి వినిపించే భాగం ఉంది. నా లెక్కలో పుస్తకానికి ప్రాణం అదే, యవ్వనంలోని ప్రేమ కాదు. పుస్తకం చిన్నది, ఇంగ్లీషు సులువు, రెండు రోజుల్లో అయిపోతుంది. అబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో వెతకదగ్గ పుస్తకం. ఇంగ్లీషు నవలలు ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నవాళ్ళకు ఇది మంచి మెట్టు. అయితే ఇందులో నోవా, అలీ ఒకరినొకరు నొప్పించుకున్నది చాలా తక్కువ. కాబట్టి క్షమించాల్సిందీ తక్కువే. ‘వాళ్ళు మారారా?’ అన్న ప్రశ్న మీకు ముఖ్యమైతే ఈ నవల దానికి జవాబివ్వదు.

ఆ జవాబు కోసం రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. జేన్ ఆస్టిన్ చివరగా పూర్తిచేసిన నవల ‘పర్సుయేషన్’ ఆమె చనిపోయాక 1817 డిసెంబరులో వెలువడింది. ఈ తరహాలో దీన్ని మించిన నవల నేను చదవలేదు. తెలుగు ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇది ఇంకా దగ్గరగా తగులుతుందని నా నమ్మకం. యాన్ ఎలియట్‌కు పంతొమ్మిదేళ్ళప్పుడు ఫ్రెడరిక్ వెంట్‌వర్త్ అనే నౌకాదళ యువకుడితో పెళ్ళి మాట కుదురుతుంది. అతనికి డబ్బు లేదు, వెనక గొప్ప కుటుంబం లేదు. తండ్రి సర్ వాల్టర్‌కు హోదా తప్ప ఇంకేదీ పట్టదు, ఈ సంబంధం తమకు తగదంటాడు. అంతకన్నా గట్టిగా పనిచేసింది లేడీ రస్సెల్ మాట. ఆమె శత్రువు కాదు. చనిపోయిన తల్లికి స్నేహితురాలు, యాన్‌ను కూతురిలా చూసుకున్న మనిషి. ‘నీ మంచి కోసమే చెబుతున్నా’ అనే మనిషిని కాదనడం ఎంత కష్టమో మనకు తెలుసు. యాన్ తలొగ్గింది, పెళ్ళి మాట వెనక్కి తీసుకుంది.

ఎనిమిదేళ్ళు గడిచాయి. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుకున్న ఓడల మీద వచ్చిన వాటాతో వెంట్‌వర్త్ ఇప్పుడు 25,000 పౌండ్ల ఆసామి. యాన్ తండ్రి మాత్రం అప్పుల్లో కూరుకుపోయి ఇల్లు అద్దెకిచ్చాడు. అద్దెకు దిగింది వెంట్‌వర్త్ అక్క, ఆమె భర్త అయిన అడ్మిరల్. తప్పించుకునే దారి లేదు, ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చోవాలి. గుర్తుపట్టలేనంతగా మారిపోయిందని అతను తన గురించి అన్న మాట యాన్ చెవిన పడుతుంది. అతను ఆమెతో మర్యాదగా, చల్లగా ఉంటాడు. అలా ఉంటూనే, ఆమె వీపెక్కి దిగనంటున్న పసివాడిని ఒక్క మాట మాట్లాడకుండా లాగి ఎత్తుకుంటాడు. ఇంకోరోజు నడిచి అలసిన ఆమెను అక్క బండిలోకి ఎక్కిస్తాడు. ముద్దులేవీ లేవు, చేయి తగిలినంత మాత్రాన పేజీ వణుకుతుంది.

దీన్ని అన్నిటికన్నా పైన పెట్టడానికి నా కారణం ముగింపులో ఉంది. కలిశాక వెంట్‌వర్త్ ఒక విషయం ఒప్పుకుంటాడు. విడిపోయిన రెండేళ్ళకే చేతిలో కాస్త డబ్బు చేరింది, అప్పుడు మళ్ళీ అడిగి ఉంటే యాన్ ఒప్పుకునేది. కానీ అహం అడ్డొచ్చి అడగలేదు. అంటే మిగతా ఆరేళ్ళ దుఃఖం లేడీ రస్సెల్ ఇచ్చింది కాదు, అతను స్వయంగా తెచ్చుకున్నది. అప్పటిదాకా తప్పంతా ఆమె బలహీనతదే అనుకున్న మనిషి తన వాటా తాను తీసుకుంటాడు. యాన్ కూడా ఊరికే కరిగిపోదు. ఆ సలహా తప్పే, కానీ ఆ వయసులో నన్ను పెంచిన మనిషి మాట వినడం తప్పు కాదు అంటుంది. ఇద్దరూ పూర్తిగా ఏకీభవించకుండానే కలుస్తారు. నిజమైన రాజీ ఇలాగే ఉంటుంది.

మరో సంగతి. ఈ నవల చివర ఆస్టిన్ మొదట రాసిన రీతిలో లేదు. 1816 జులైలో రాసిన ముగింపు ఆమెకు నచ్చక మళ్ళీ రాసింది. పక్కన పెట్టిన ఆ అధ్యాయాల చేతిరాత ప్రతి ఇప్పటికీ ఉంది. వెంట్‌వర్త్ రాసే ఆ ప్రసిద్ధమైన ఉత్తరం మొదటి ముగింపులో లేనే లేదు, రెండోసారి రాసినప్పుడు వచ్చింది. ఆడవాళ్ళ ప్రేమ ఎక్కువకాలం నిలుస్తుందా, మగవాళ్ళదా అని యాన్ ఇంకొకరితో మాట్లాడుతుంటే, అదే గదిలో కూర్చుని వింటూ అతను రాస్తాడు. ఆ ఒక్క అధ్యాయం కోసం మొత్తం నవల చదవచ్చు.

ఇబ్బంది ఒక్కటే, భాష. వాక్యాలు పొడుగు, మొదటి మూడు అధ్యాయాలు నెమ్మది. నాలుగో అధ్యాయం దాటితే మిమ్మల్ని కథే లాక్కెళుతుంది. పుస్తకం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితం, లిబ్రివాక్స్ వెబ్‌సైట్‌లో ఆడియో కూడా ఉచితం. వింటూ చదివితే సగం కష్టం తగ్గుతుంది. ముందు సినిమా చూసి తర్వాత చదవాలనుకుంటే 1995 నాటి, అమాండా రూట్ నటించిన సినిమా చూడండి. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినదాంట్లో యాన్ కెమెరా వైపు తిరిగి చమత్కారాలు విసురుతుంది. నవలలోని యాన్ ఎనిమిదేళ్ళు నోరు మెదపని మనిషి, ఆ మౌనం పోతే కథే పోయినట్టు.

ఎదురుచూపు అనే మాట రాగానే చాలామంది గార్సియా మార్క్వెజ్ ‘లవ్ ఇన్ ద టైమ్ ఆఫ్ కలరా’ పేరు చెబుతారు. 1985లో స్పానిష్‌లో వచ్చింది, ఇంగ్లీషు అనువాదం 1988లో. ఫ్లోరెంటీనో అరీసా యవ్వనంలో తనను వద్దన్న ఫెర్మీనా కోసం యాభై ఒక్క సంవత్సరాల తొమ్మిది నెలల నాలుగు రోజులు ఎదురుచూస్తాడు. మామిడిచెట్టెక్కిన చిలుకను పట్టుకోబోయి డాక్టరు ఉర్బీనో నిచ్చెన మీది నుంచి పడి చనిపోతే, ఆ రోజే అతని భార్య ఫెర్మీనా ముందు నిలబడి ప్రేమ మళ్ళీ చెబుతాడు. ఆమె ఇంట్లోంచి పొమ్మంటుంది. టెలిగ్రాఫ్ ఆపరేటరైన తన తండ్రి, తల్లి కోసం పడిన తపన నుంచి రచయిత ఈ ప్రేమకథ మొదటి భాగాన్ని తీసుకున్నాడు. మాటల సంపద, ఆ ఊరి వేడి, ముసలితనంలోని ప్రేమను సిగ్గుపడకుండా రాసిన తీరు ఇవన్నీ గొప్పవే.

అయినా రొమాన్స్ కోసం వెతుకుతున్నవాళ్ళకు దీన్ని నేను సూచించను. ఫెర్మీనా అతన్ని వద్దన్నది ఎవరి బలవంతం వల్లా కాదు. తండ్రి దూరం తీసుకెళ్ళాడు, నిజమే. కానీ తిరిగొచ్చాక సంతలో అతన్ని చూసిన క్షణంలో ఇన్నాళ్ళూ ప్రేమించింది ఒక ఊహను అని ఆమెకే తెలిసిపోయింది. ఆ తెలివిడిని గౌరవించకుండా అర్ధశతాబ్దం వెంటపడటం ప్రేమా, పట్టుదలా అన్నది నవల మన మీదే వదిలేస్తుంది. పైగా ముసలి ఫ్లోరెంటీనో తన సంరక్షణలో ఉన్న పద్నాలుగేళ్ళ అమ్మాయితో పెట్టుకున్న సంబంధం, ఆ పిల్ల చావు చదవడానికి చాలా కష్టం. ఈ విషయం తెలిసి చదవండి. గొప్ప సాహిత్యం కావాలనుకుంటే తీసుకోండి, మనసు కుదుటపరిచే కథ కావాలంటే మాత్రం వద్దు.

ఇక ఇప్పటి నవలలు. వీటిలో ముందుగా చెప్పాల్సింది టియా విలియమ్స్ ‘సెవెన్ డేస్ ఇన్ జూన్’, 2021 నవల. ఈవా, షేన్ ఇద్దరూ నల్లజాతి అమెరికన్ రచయితలు. పదిహేనేళ్ళ క్రితం, టీనేజీలో వారం రోజులు కలిసి ఉన్నారు, ఆ తర్వాత చూసుకోలేదు. కానీ ఒకరి పుస్తకాల్లో ఒకరి గురించి రాసుకుంటూనే ఉన్నారు. బ్రూక్లిన్‌లో ఒక సాహిత్య సభలో ఎదురుపడతారు. ఈవాకు తీవ్రమైన మైగ్రేన్, పన్నెండేళ్ళ కూతురు, బిడ్డను ఒంటరిగా పెంచే బాధ్యత. షేన్ తాగుడు మానేసి నిలబడే ప్రయత్నంలో ఉన్నాడు. ఇందులోనూ ఒక బయటి కారణం ఉంది, అది ఏమిటో చెప్పను. అయితే ఆ నిజం తెలిసినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. ఈ మనిషి మళ్ళీ మాయమవడని ఎలా నమ్మాలన్నది ఈవా అసలు సమస్య. నమ్మకం అనేది క్షమాపణతో రాదు, రోజూ కనిపిస్తూ ఉండటంతో వస్తుందని ఈ నవల ఓపికగా చూపిస్తుంది. తరచూ నొప్పితో ఉండే మనిషిని ప్రేమించడం ఎలా ఉంటుందో ఇంత నిజాయితీగా రాసిన రొమాన్స్ అరుదు. తనను తాను గాయపరుచుకోవడం, మత్తుమందులు ఇందులో ఉన్నాయి, పడకగది దృశ్యాలు దాచకుండా రాశారు. అవి ఇబ్బంది అనిపించకపోతే ఇప్పటివాటిలో నా మొదటి ఓటు దీనికే.

కార్లీ ఫార్చూన్ ‘ఎవ్రీ సమ్మర్ ఆఫ్టర్’, క్రిస్టీనా లారెన్ అనే జంట పేరుతో రాసే ఇద్దరి ‘లవ్ అండ్ అదర్ వర్డ్స్’, ఈ రెండింటి మధ్య తేల్చుకోలేనివాళ్ళు చాలామంది ఉంటారు. రెండూ చిన్ననాటి స్నేహం ప్రేమగా మారి, ఒక్క సంఘటనతో తెగిపోయిన కథలే. రెండింటిలోనూ ఒక అధ్యాయం అప్పటిది, ఒకటి ఇప్పటిది. మొదటిదాంట్లో చిన్ననాటి స్నేహితుడు శామ్ తల్లి చనిపోతే, ఆ అంత్యక్రియల కోసం పెర్సీ కెనడాలోని ఒంటారియోలో బ్యారీస్ బే అనే చెరువుగట్టు ఊరికి తిరిగొస్తుంది. ఆ నీళ్ళు, ఎండ, రెస్టారెంటులో వేసవి పనులు కళ్ళకు కట్టినట్టుంటాయి. రెండోదాంట్లో మేసీ, ఎలియట్ పుస్తకాలతో నింపిన ఒక చిన్న గదిలో కూర్చుని, ‘ఇవాళ నీకిష్టమైన మాట ఏది?’ అని ఒకరినొకరు అడుగుతూ పెరుగుతారు. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళకు ఇది వెంటనే ఎక్కుతుంది. మేసీ తండ్రి, ఆమె మధ్య బంధం కూడా చక్కగా వచ్చింది.

రెండింటిపైనా నాకొక అభ్యంతరం. విడిపోయిన కారణాన్ని చివరిదాకా దాస్తారు. చెప్పే మనిషికి అది ముందే తెలుసు, అయినా మన దగ్గర దాచిపెట్టి టెన్షన్ పెంచుతుంది. ‘పర్సుయేషన్’ నాలుగో అధ్యాయంలోనే అంతా చెప్పేస్తుంది, ఉత్కంఠ ఏమీ తగ్గదు, ఎందుకంటే అక్కడ ప్రశ్న ‘ఏం జరిగింది’ కాదు, ‘ఇప్పుడేం చేస్తారు’. రహస్యం చివర్లో బయటపెట్టే నవలకు దాన్ని సరిదిద్దడానికి పేజీలు మిగలవు. ‘ఎవ్రీ సమ్మర్ ఆఫ్టర్’లో పెర్సీ చేసిన తప్పు చిన్నది కాదు. క్షమాపణ అంత త్వరగా రావడం నాకు మింగుడు పడలేదు. మీకు సస్పెన్స్ ఇష్టమైతే ఈ మాట పక్కన పెట్టేయండి, సెలవుల్లో ఒక్క గుక్కలో చదివించే శక్తి ఆ నవలకు నిజంగా ఉంది.

ఎమిలీ హెన్రీ ‘హ్యాపీ ప్లేస్’ (2023) వేరే రకం. ఇక్కడ పదేళ్ళ ఎడబాటు లేదు. హ్యారియెట్, విన్ విడిపోయి నెలలే అయింది, స్నేహితులకు ఇంకా చెప్పలేదు. ఏటా అందరూ కలిసే, అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలోని సముద్రతీరపు ఇంట్లో వారం రోజులు ఇంకా జంటగానే ఉన్నట్టు నటించాలి. హ్యారియెట్ సర్జరీలో రెసిడెన్సీ చేస్తోంది, మన లెక్కలో పీజీ. విన్ కుటుంబం కోసం మోంటానా వెళ్ళిపోయాడు. పెద్ద తప్పేమీ ఎవరూ చేయలేదు. ‘నేను లేకపోతేనే నువ్వు సుఖంగా ఉంటావు’ అని ఇద్దరూ ఎవరికి వారే నిర్ణయించేసుకున్నారు. అమ్మానాన్నల త్యాగానికి బదులు చెల్లించాలన్న భారంతో డాక్టరైన అమ్మాయి కథ ఇది. నీట్ కోచింగ్‌లో యవ్వనం గడిపిన మన పిల్లలకు హ్యారియెట్ బాగా అర్థమవుతుంది. చివర్లో వృత్తి గురించి ఆమె తీసుకునే నిర్ణయం మీద పాఠకులు రెండుగా చీలిపోయారు. నా మటుకు నాకు అది ప్రేమ కోసం చేసిన త్యాగంలా కనబడలేదు, మొదటిసారి తనకేం కావాలో తాను చెప్పడంలా కనిపించింది. దూరం ఉద్యోగాల వల్ల, అమెరికాలో ఒక తీరాన ఒకరూ ఇంకో తీరాన ఒకరూ ఉండి బంధం సడలిన మన ఇంజినీరు దంపతులకు కూడా ఇది దగ్గరి కథే.

పెళ్ళయిన జంటలు విడిపోయే అంచు నుంచి వెనక్కి వచ్చే నవలలు తక్కువ. మన దగ్గర ఆ పరిస్థితి వస్తే పెద్దమనుషులు కూర్చుని సర్దుకుపొమ్మంటారు, ఎందుకు విరిగిందో ఎవరూ అడగరు. టేలర్ జెంకిన్స్ రీడ్ ‘ఆఫ్టర్ ఐ డు’ (2014)లో లారెన్, రయన్ ఒక ఏడాది మాట్లాడుకోకుండా విడిగా ఉండాలని ఒప్పందం చేసుకుంటారు. భర్త రాసి పంపకుండా ఉంచుకున్న ఈమెయిళ్ళు లారెన్ దొంగతనంగా చదువుతుంది. తన గురించి అతను ఎప్పుడూ అనని మాటలన్నీ అక్కడ ఉంటాయి. రోజువారీ చిరాకు ప్రేమను ఎలా తినేస్తుందో ఇంత సూటిగా రాయడానికి ధైర్యం కావాలి. లిస్సా కే ఆడమ్స్ ‘ద బ్రొమాన్స్ బుక్ క్లబ్’ (2019) ఇదే సమస్యను నవ్విస్తూ చెబుతుంది. భార్య విడాకులడిగిన బేస్‌బాల్ ఆటగాడికి స్నేహితులు రొమాన్స్ నవలలు చదవమని ఇస్తారు, భార్య మాట వినడం వాటి నుంచి నేర్చుకుంటాడు. ఇంట్లో వాతావరణం బాగా లేనప్పుడు రెండోది, కొంచెం స్థిమితపడ్డాక మొదటిది చదవండి. భార్యాభర్తలు కలిసి చదవాలనుకుంటే కూడా రెండోదే, పడకగది దృశ్యాలున్నా.

ఎవరికి ఏదంటే నా సలహా ఇది. యద్దనపూడి నవలలతో పెరిగి, ఆత్మాభిమానం ఉన్న నాయికలను ఇష్టపడే అమ్మలకు, పిన్నులకు ఇంగ్లీషు వస్తే ‘పర్సుయేషన్’ ఇవ్వండి, ఇబ్బందిపెట్టే దృశ్యం ఒక్కటీ లేదు. కాలేజీ పిల్లలకు ‘హ్యాపీ ప్లేస్’. తల్లిదండ్రుల మాటకు తలొగ్గి ఎవరినో వదులుకుని, ఆ సంగతి ఇప్పటికీ మోస్తున్నవాళ్ళకు కూడా ‘పర్సుయేషన్’, కానీ ఏడుస్తారని ముందే చెప్పి ఇవ్వండి. తాగుడు మానిన మనిషితో మళ్ళీ జీవితం మొదలుపెట్టాలా అని ఊగిసలాడుతున్నవాళ్ళకు ‘సెవెన్ డేస్ ఇన్ జూన్’ తొందరపెట్టదు, ఆశా చంపదు. అమెరికాలో ఉంటే ఊరి లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో చాలావరకు ఉచితంగా దొరుకుతాయి, కొత్తవాటికి కొంత వేచి ఉండాలి.

తాజాగా విడిపోయినవాళ్ళకు మాత్రం ఈ పుస్తకాలేవీ బహుమతిగా ఇవ్వకండి. ఆ సమయంలో ‘అతను మళ్ళీ వస్తాడు’ అన్న కథ మందులా పనిచేయదు, ఫోన్ పట్టుకుని కూర్చోబెడుతుంది. కొట్టే మనిషి నుంచి, అవమానించే మనిషి నుంచి బయటపడినవాళ్ళ దగ్గరైతే ఈ తరహా ఊసే ఎత్తవద్దు. పైన చెప్పిన మంచి నవలల్లో ఎక్కువవాటిలో వెనక్కి వచ్చిన మనిషి మారి వచ్చాడు. అది లేనిచోట రెండో అవకాశం అడిగే హక్కు ఎవరికీ లేదు.